పైకప్పు పాట

ఆ ఇంట్లో నెమ్మదిగా మాట్లాడితే మాట్లాడనట్టే లెక్క. అమ్మ ఇరవై రెండేళ్లు సీసాల ఫ్యాక్టరీలో పనిచేసింది. కడిగిన గాజు సీసాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ బెల్టు మీద పరిగెత్తే చోట, పగిలినవాటిని ఏరి పక్కన పడెయ్యడం ఆమె పని. మొదటి పదేళ్లలో ఎడమ చెవి పూర్తిగా పోయింది. తర్వాత కుడి చెవిలో ముప్పాతిక పోయింది. మిగిలిన ఆ పావు చెవితోనే పిల్లలిద్దరినీ పెంచింది. "ఆకలేస్తోందమ్మా" అని చెప్పాలన్నా ఆ పిల్లలు బొడ్డులోంచి గాలి తెచ్చుకుని అరవాల్సి వచ్చేది. అందుకే వీధిలో వాళ్లకి ఆ ఇంటి గుట్టంతా తెలుసు. ఎవరికి జ్వరం, ఎవరు లెక్కల్లో తప్పారు, ఎవరి చెప్పు తెగింది, అన్నీ గోడకి చెవి ఆనించే శ్రమ లేకుండానే తెలిసిపోయేవి.

తమ్ముడికి ఆ గొంతు అలా వచ్చింది. చిన్నప్పటినుంచీ అమ్మకి వినబడేలా అరిచి అరిచి, పదహారేళ్లు వచ్చేసరికి వాడు మూడో అంతస్తులోంచి పిలిస్తే వీధి చివర బస్సు ఆగేది. అక్క సంగతి వేరు. వాడికంటే ఆరేళ్లు పెద్దది. ఆ గోలలో ఆమె గొంతు మూగబోయి, చెవులు పదునెక్కాయి. కుళాయి చుక్క పడుతుంటే ఏ గదిలో ఏ కుళాయో చెప్పేది. కరెంటు పని నేర్పే బడిలో రెండేళ్లు చదివి, ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో వైర్లు చుట్టే పనికి చేరింది. అయిదేళ్లకి గొంతుల్నీ వాయిద్యాల్నీ కలిపే మిక్సర్ బల్ల ముందు కూర్చునే మనిషి అయింది.

తమ్ముడు స్నేహితులతో కలిసి రాక్ బృందం పెట్టినప్పుడు దానికి సౌండ్ చూసే మనిషి కోసం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. డ్రమ్స్ వాయించేవాణ్ణి అందరూ ఉరుము అనేవాళ్లు. గిటారు వాయించేవాణ్ణి పొడుగు అని పిలిచేవాళ్లు. బేస్ గిటారు ఆయన మిగతావాళ్లకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, పగలు లారీ నడిపేవాడు. ఆయన్ని మామయ్య అనేవాళ్లు. తమ్ముడికి అక్క కాబట్టి ఆమె అందరికీ అక్కే అయింది. ఆమె అసలు పేరేమిటని అడిగితే వాళ్లు ఒక్క నిమిషం ఆలోచించి చెప్పాల్సి వచ్చేది.

మొదటి రెండేళ్లూ వాళ్లు టైర్ల దుకాణం వెనక షెడ్డులోనూ, కాలేజీ హాళ్లలోనూ వాయించారు. తమ్ముడు పాడితే ముందు వరసలో వాళ్లు ఒక అడుగు వెనక్కి వేసేవాళ్లు, తర్వాత రెండడుగులు ముందుకి వచ్చేవాళ్లు. అప్పుడొక రికార్డు చేశారు. అక్కే చేసింది. అది తుస్సుమంది. "స్టేజి మీద నిప్పు, రికార్డులో బూడిద" అని ఒక కుర్రకారు పత్రికలో రాశారు. ఆ మాట అక్క గుండెలో ముల్లులా దిగింది. తప్పెక్కడుందో ఆమెకి తెలుసు. గోడలకి దళసరి స్పంజి అంటించిన ఆ చిన్న గదిలో వాడికి ఎదురుగా ఎవరూ లేరు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి వాడి గొంతు వాడికే వినిపించేసరికి, అద్దంలో మొదటిసారి తనని చూసుకున్న పసివాడిలా బిగుసుకుపోయాడు. అరవడం మానేసి అప్పజెప్పాడు.

రెండో రికార్డుకి అలా జరగనివ్వకూడదని ఆమె పట్టుదలకి పోయింది.

అందులో ఒక పాట ఉంది. తలుపు తీయని మనిషి కోసం బయట నిలబడి పిలిచేవాడి పాట. చివరి చరణంలో "రా" అనే ఒక్క మాట పైకి, ఇంకా పైకి పోయి, అక్కడే నిలవాలి. ఆ మాట షెడ్డు రేకుల్ని తాకుతుందని ఉరుము దానికి పైకప్పు పాట అని పేరు పెట్టాడు. అదే పేరు నిలిచిపోయింది. ఆ పాటకి అక్క పదకొండు పొద్దుటిపూటలు తీసుకుంది. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టింది. వేడినీళ్లు తాగించింది. పాటంతా ఒక్కసారి పాడనివ్వలేదు. ఈరోజు ఒక పంక్తి, రేపు సగం పంక్తి, ఎల్లుండి ఒక్క మాట. మొత్తం నలభై మూడు టేకులు. మంగళవారం నాటి మొదటి అక్షరం, శుక్రవారం నాటి దీర్ఘం, మధ్యలో శ్వాస కత్తిరింపు. "రా" అన్న మాట తొమ్మిది సెకన్లు నిలవాలి. వాడికి అయిదు వచ్చేది, బాగా ఉన్న రోజున ఆరు. రెండు శ్వాసల్ని ఆమె ఒకదానికొకటి అతికింది. అతుకు కనబడకుండా మూడు రోజులు నునుపు చేసింది. చివర్లో శ్రుతి అర మెట్టు తక్కువగా ఉందనిపించి యంత్రంతో ఎత్తింది.

వినిపించినప్పుడు తమ్ముడు కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇది నేనేనా అక్కా?"

"నువ్వే. నీ గొంతు తప్ప ఇందులో ఇంకేం లేదు."

అది నిజమే. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు తేలేది.

"ఇంత బాగా పాడానని నాకే తెలీదు" అని వాడు లేచి ఆమెని చుట్టేసుకున్నాడు. ఆమె ఏదో చెప్పబోయి ఊరుకుంది. కష్టపడ్డాడు, సంతోషపడనీ అనుకుంది.

ఆ పాట ఎక్కడెక్కడికో పోయింది. బస్సుల్లో, మంగలి దుకాణాల్లో, పిల్లల ఫోన్లలో మోగింది. అమ్మకి మాత్రం అది చెవిన పడలేదు. ఆమె ఫోనుని పావు చెవికి ఆనించుకుని, "దోమ రొద చేస్తున్నట్టుందే" అని తిరిగి ఇచ్చేసింది. స్టేజి దగ్గర అయితే పెద్ద స్పీకరు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని, కొడుకు గొంతు తనదాకా వస్తుందని గర్వపడేది. ఆమె లెక్కలో అసలు పాట స్టేజి మీదిదే. రికార్డు దాని ఫొటో.

లోకం లెక్క తిరగబడింది. ఇదివరకు వచ్చేవాళ్లకి వాడి పాట తెలీదు. వాడేం పాడితే అదే పాట. ఇప్పుడు వచ్చేవాళ్లు పాటని బట్టీపట్టి వస్తున్నారు. ఏ అక్షరం దగ్గర గొంతు జీరబోతుందో, ఎన్ని సెకన్లు నిలుస్తుందో వాళ్లకి వాడికంటే బాగా తెలుసు. వాడు పరిగెత్తుతూ, దీపాల వేడిలో చెమటలు కక్కుతూ, వెనక ఉరుము డ్రమ్ముల దెబ్బలకి తన గొంతు తనకే వినబడని చోట నిలబడి, ఒక్క శ్వాసలో పాడాలి. "రా" అని ఎత్తుకునేవాడు. నాలుగు సెకన్లకి గొంతు వణికేది. జనం చప్పట్లు కొట్టేవాళ్లు కానీ, బయటికి పోతూ మాట్లాడుకునే మాటలు మిక్సర్ బల్ల పక్కనుంచే పోయేవి. "రికార్డులో పాడినట్టు పాడలేడురా వీడు." "అంతా మిషన్లే." ఆ మాటలు వినకూడదనుకున్నా వినబడే చెవులు అక్కవి.

ఒక మధ్యాహ్నం, ఖాళీ హాల్లో మైకులు సరిచూసుకుంటుండగా, మామయ్య మెల్లిగా కదిపాడు.

"ఒరే, ఆ పాట శ్రుతి ఒక మెట్టు దించుదాం. లారీకైనా ఎత్తు ఎక్కేటప్పుడు గేరు మారుస్తాం కదా. సిగ్గేముంది?"

తమ్ముడు ఒప్పుకోలేదు. "దించితే అది ఆ పాట కాదు మామయ్యా. పాడింది నేనేగా? ఒకసారి పాడినవాణ్ణి మళ్లీ పాడలేనా? సాధన చాల్లేదు, అంతే."

అక్క హాలు చివర బల్ల దగ్గర నిలబడి విన్నది. నువ్వు ఒక్కసారి కూడా పాడలేదురా, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు చెప్పి ఉంటే వాడు రెండు రోజులు అలిగి, మూడో రోజు శ్రుతి దించుకునేవాడేమో. చెప్పలేదు. పొడుగు గిటారు తీగ తెగింది, దాని గొడవలో పడిపోయారు.

వాడు సాధన పెంచాడు. స్నానాలగదిలో ఆవిరి పట్టేవాడు. ప్రోగ్రాం ఉన్న రోజున ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అమ్మతో కూడా సైగలే. అయినా గొంతు బొంగురు పోతూనే ఉంది. ఒకరోజు పాట అయ్యాక తెర వెనక గోడకి నుదురు ఆనించి నిలబడ్డ తమ్ముణ్ణి చూసి, అక్క ఆ పని చేసింది.

పెద్ద కష్టమేమీ కాదది. ఆ పాటకి వెనక మోగే వయొలిన్లు ముందే రికార్డు చేసి ఉంచినవి. ఉరుము చెవిలో టిక్కుటిక్కుమనే తాళంతో పాటు అవి నడుస్తాయి. వాటి పక్కనే ఇంకో వరసలో తమ్ముడి రికార్డు గొంతు పెట్టింది. బల్ల మీద దానికొక మీట. చివరి మూడు పంక్తుల దగ్గర ఆ మీటని కొంచెం పైకి జరిపితే, వాడి గొంతు కింద వాడి గొంతే నీడలా నిలబడుతుంది. వాడి చెవి దగ్గరి స్పీకర్లకి దాన్ని పంపలేదు. హాలుకి మాత్రమే పంపింది.

ఆ రోజు వాడు స్టేజి దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఈరోజు అందింది అక్కా! హాలంతా తిరిగి నాకే వినబడింది! విన్నావా?"

"విన్నాను" అంది అక్క.

పద్నాలుగు ప్రోగ్రాములు అలాగే జరిగాయి. బయటికి పోయేవాళ్లు "అచ్చం రికార్డులాగే పాడాడు" అనుకుంటూ పోయారు. దానికంటే పెద్ద పొగడ్త వాళ్లకి తెలీదు. తమ్ముడి ముఖంలోకి మళ్లీ నెత్తురొచ్చింది. అమ్మతో మాట్లాడాడు, మామయ్యతో జోకులేశాడు. ఆ మూడు పంక్తుల దగ్గర వాడు తనకి తెలియకుండానే తగ్గుతున్నాడని, గాలి తక్కువ పెడుతున్నాడని అక్క గమనించింది. మీటని ఇంకొంచెం పైకి జరపాల్సి వచ్చింది. మొదటి రోజు చిటికెడు, పద్నాలుగో రోజుకి పిడికెడు.

ఆ పద్నాలుగో ప్రోగ్రాముకి అమ్మ వచ్చింది. మోకాళ్ల నొప్పుల వల్ల ఏడాదిగా రాలేదు. ఎప్పట్లాగే స్పీకరు పక్కన కూర్చుంది. అయ్యాక, వెనక గదిలో అందరూ చెమటలు తుడుచుకుంటూ, రొట్టెముక్కలు తింటూ ఉండగా వచ్చి అక్క పక్కన చేరింది. చెవిటివాళ్లు గుసగుసలాడితే ఎలా ఉంటుందో ఆ గదిలో అందరికీ తెలుసు.

"ఏమే, వాడు చివర్లో నోరు సగమే తెరిచాడు. మెడ నరం లేవనే లేదు. పాట మాత్రం పైకెళ్లిపోయింది. అదెలాగే?"

గది మొత్తం వినబడింది. పొడుగు నమలడం ఆపేశాడు. పావు చెవి మిగిలిన మనిషి పాటని చెవితో వినదు. ఇన్నేళ్లుగా కొడుకు మెడ చూసి, పెదవులు చూసి, పొట్ట చూసి వింటోంది. ఆమెని ఏ మీటా మోసం చెయ్యలేదు.

"ఏం లేదమ్మా, కొత్త మైకులు" అంది అక్క. అనేటప్పటికే ఆమె చెయ్యి మెడలోని గుర్తింపు కార్డుని తడుముకుంటోంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

తమ్ముడు ఆ చేతినే చూశాడు. అందరూ సామాన్లు సర్దడానికి పోయాక వచ్చి ఆమె ఎదురుగా పెట్టె మీద కూర్చున్నాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"పద్నాలుగు."

"రోజులా?"

"ప్రోగ్రాములు."

వాడు తల వంచుకుని బూటు లేసు విప్పాడు. మళ్లీ కట్టాడు. "పోనీ రికార్డులో అయినా నేనే పాడానా?"

ఇంక దాచడానికి ఏముంది? ఆమె అన్నీ చెప్పింది. నలభై మూడు టేకులు, మంగళవారం, శుక్రవారం, అతికిన రెండు శ్వాసలు, ఎత్తిన అర మెట్టు. చెబుతున్నంతసేపూ వాడు తన గొంతు మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు, డాక్టరు నాడి చూసినట్టు.

"అంటే నేను ఏడాదిన్నరగా ఎవడితో పోటీ పడుతున్నట్టు?"

"తమ్ముడూ..."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు సంతోషంగా ఉన్నావురా."

వాడు నవ్వాడు. అలాంటి నవ్వు తమ్ముడి ముఖంలో ఆమె అంతకుముందు చూడలేదు. తర్వాత కూడా చూడకుండా ఉంటే బాగుండుననుకుంది.

తర్వాతి ప్రోగ్రాము ఎనిమిది రోజులకి, ఒక ఆటల మైదానంలో. అప్పటిదాకా చేసినవాటిలో అదే పెద్దది. స్టేజికి రెండువైపులా ఇంటి గోడంత తెరలు. ఇంకా పొద్దు వాలకముందే మొదలుపెట్టారు. మెట్లెక్కబోతూ తమ్ముడు వెనక్కి వచ్చాడు.

"ఈరోజు నా గొంతు ఒక్కటే వదులు. ఏం జరిగినా సరే."

"సరే."

"ఏం జరిగినా, అన్నాను. ఒట్టెయ్యి."

ఆమె వాడి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. బల్ల దగ్గరికి పోయి ఆ మీటని అడుగుదాకా దించింది. ఆ వరసని పూర్తిగా తీసెయ్యవచ్చు. ఒక్క బటన్ నొక్కితే పోతుంది. ఎందుకు తియ్యలేదని తర్వాత ఆమె తనని తాను అడిగినన్నిసార్లు ఇంకెవరూ అడగలేదు. మంటలార్పే డబ్బాని గోడకి తగిలించి ఉంచినట్టు, ఉంటే ఉండనీ అనుకుంది.

ఆ సాయంత్రం తమ్ముడు పాడినట్టు ఎప్పుడూ పాడలేదు. రికార్డుని పట్టించుకోలేదు. ఎక్కడ శ్వాస కావాలంటే అక్కడ తీసుకున్నాడు, అది అందరికీ వినబడింది. పైకప్పు పాట మొదటి చరణాన్ని దాదాపు మాటలా చెప్పాడు. ఫోన్లెత్తి పట్టుకున్నవాళ్లు మెల్లిగా దించారు. రెండో చరణానికి మైదానం చివర నిలబడ్డ కాపలావాళ్లు కూడా ఇటు తిరిగారు. షెడ్డు రోజుల నాటి గొంతు అది. అది ఉందని, పోలేదని, తానే దాన్ని పద్నాలుగుసార్లు కప్పిపెట్టానని అక్కకి అప్పుడే పూర్తిగా అర్థమైంది.

చివరి చరణం వచ్చింది. "రా" అని ఎత్తుకున్నాడు. ఒక సెకను, రెండు, మూడు. శ్రుతిలో ఉంది. నాలుగు. అప్పుడు దళసరి గుడ్డ చిరిగినట్టు ఒక చప్పుడు మైకులోంచి వచ్చింది. తర్వాత ఏమీ లేదు. వాడి నోరు తెరిచే ఉంది. మెడ నరాలు లేచే ఉన్నాయి. గాలి మాత్రం వస్తోంది. వాడు గొంతు పట్టుకున్నాడు.

మైదానంలో ఎవరో ఈల వేశారు.

తమ్ముడు పడిపోతుంటే ఏ అక్క చెయ్యి ఆగుతుంది? ఆమె వేలు మీటని తోసేసింది.

తెరల మీద ఇంటంత నోరు. అది మూసుకుపోతోంది. చెయ్యి గొంతు మీద ఉంది, కళ్లలో నీళ్లున్నాయి. ఆ మూసిన నోటి మీదుగా, అందమైన, నిండైన, ఎక్కడా అతుకు కనిపించని "రా" మైదానమంతా లేచింది. తొమ్మిదో సెకనుదాకా. ఆరో సెకనుకి ముందు వరసలో ఎవడో నవ్వాడు. ఎనిమిదో సెకనుకి ఆ నవ్వు మధ్యదాకా వచ్చింది. ఆమె మీటని దించాలనుకుంది. దించితే ఇంకా నగుబాటు అనిపించింది. తొమ్మిదో సెకను పూర్తయ్యేవరకూ తమ్ముడు అంత దూరంనుంచి సూటిగా బల్ల వైపే చూశాడు. తర్వాత వంగి, మైకుని నేల మీద జాగ్రత్తగా పెట్టాడు, నిద్రపోతున్న పిల్లని పడుకోబెట్టినట్టు. స్టేజి దిగి వెళ్లిపోయాడు.

గొంతు డాక్టరు చిన్న కెమెరా లోపలికి పెట్టి చూసి, స్వరతంతి మీద రక్తనాళం చిట్లిందన్నాడు. చాలాకాలంగా ఒరుసుకుపోయి ఉందన్నాడు. ఆరు వారాలు ఒక్క మాట కూడా వద్దన్నాడు. ఆ తర్వాత ఆపరేషను. ఆపరేషను బాగానే జరిగింది. మచ్చ మిగిలింది. మచ్చ పడ్డ తంతి మళ్లీ కదలాల్సినట్టు కదలదు. తమ్ముడికి మిగిలింది ఎండుటాకుల మీద నడిచినట్టుండే ఒక గరగర.

ఆ తొమ్మిది సెకన్ల వీడియో ఊరూవాడా తిరిగింది. నోరు మూసుకుని పాడేవాడని వాడికి పేరు పెట్టారు. అంతకుముందు మూడు నిమిషాలు వాడెలా పాడాడో ఎవరూ చూపించలేదు. అక్కడున్నవాళ్లు చెప్పినా ఎవరూ నమ్మలేదు. బృందం చెదిరింది. ఉరుము వేరే బృందంలో చేరాడు. పొడుగు పిల్లలకి గిటారు నేర్పుకుంటున్నాడు. మామయ్య పగలూ రాత్రీ లారీయే నడుపుతున్నాడు. ఒకసారి వచ్చి, తమ్ముడి పక్కన గంటసేపు ఊరికే కూర్చుని పోయాడు. వీధి మలుపు దాకా సాగనంపడానికి వెళ్లిన అక్కతో, "నేను ఇంకోసారి గట్టిగా చెప్పాల్సింది" అన్నాడు. అందరూ తలా కాస్త తప్పు పంచుకుందామని చూసేవాళ్లే. అక్కకి అందులో ఎవరి వాటా తగ్గించాలనీ అనిపించలేదు, తన వాటా మాత్రం తగ్గలేదు.

ఇంట్లో అసలు నరకం వేరే ఉంది. తమ్ముడి గరగర అమ్మ పావు చెవికి అందదు. పుట్టినప్పటినుంచీ ఆమెకి వినబడడానికే పెరిగిన గొంతు, ఇప్పుడు మంచానికి ఈ చివరనుంచి ఆ చివరికి చేరడం లేదు. అమ్మ వాడి ముఖం ముందు ముఖం పెట్టి, పెదవులు చూసి, "ఆ? ఏంట్రా?" అని అడిగేది. వాడు మళ్లీ చెప్పేవాడు. మూడోసారికి కాగితం తీసుకునేవాడు. అక్క మధ్యలో దూరి, "నీళ్లు కావాలంటున్నాడమ్మా" అని ఒకసారి అరిచి చెప్పింది. తమ్ముడు ఆ నీళ్లు తాగలేదు. అక్క ఇంట్లో ఉన్నంతసేపూ పెదవి కదపడం కూడా మానేశాడు.

నెలలు గడిచాక, ఒక ఆదివారం పొద్దున అమ్మ మందులకి పోయిన వేళ చూసి, అక్క వాడి గది గుమ్మంలో నిలబడింది. ఎన్నోసార్లు మనసులో అప్పజెప్పుకున్న మాటలన్నీ పోయి, "నువ్వు పడిపోతుంటే చూడలేకపోయానురా" అన్న ఒక్క ముక్కే మిగిలింది.

వాడు కిటికీ వైపు తిరిగాడు. తర్వాత ఆ గరగరతోనే, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

"పాట ఆగిపోతే ఏమయ్యేది అక్కా? పాట ఆగిపోయేది. అంతేగా?"

ఆ తర్వాత వాడు ఆమెతో మాట్లాడలేదు.

రికార్డు కంపెనీ మేనేజరు వచ్చాడు, మిగిలిపోయిన టేకుల్లోంచి ఇంకో రికార్డు కట్టొచ్చని. అక్క కుదరదంది. తమ్ముడు చదవకుండానే సంతకం పెట్టేశాడు. ఎవరో కొత్త మనిషి ఆ పని చేశాడు. రికార్డు వచ్చింది. ఇంత గొప్పగా ఈ గాయకుడు ఎప్పుడూ పాడలేదని పత్రికల్లో రాశారు. ఒకరోజు బేకరీలో రొట్టె కోసం వరసలో నిలబడి ఉండగా, పైన చిన్న స్పీకరులోంచి ఆ పాటొకటి మొదలైంది. రెండో పంక్తిలో ఒక శ్వాసని సగంలో కోసేశారు. తమ్ముడి శ్వాస అది, ఏ పొద్దుటిదో కూడా ఆమెకి తెలుసు. తన వంతు వచ్చిందని దుకాణంవాడు పిలుస్తున్నా వినిపించుకోకుండా బయటికి వచ్చేసింది.

ఇప్పుడామె పాటలున్న చోటికి పోదు. కంపెనీల వార్షిక సమావేశాలకీ, ఉపన్యాసాలకీ మైకులు పెడుతుంది. మాట్లాడేవాళ్లు దగ్గితే దగ్గు వినబడుతుంది, తడబడితే తడబాటు వినబడుతుంది. ఆమె ఏ మీటా ముట్టుకోదు. "సౌండ్ ఆవిడ కాస్త సాయం చెయ్యొచ్చుగా" అని ఒకరిద్దరు విసుక్కున్నారు కూడా.

తమ్ముడు పొరుగూరిలో పార్సెళ్ల గిడ్డంగిలో పనికి కుదిరాడు. డబ్బాల మీది చీటీలు చూసి ఏ బండిలోది ఆ బండిలో వెయ్యడం పని. నోరు తెరవాల్సిన అవసరం లేదు. అక్కడే గది తీసుకున్నాడు. అమ్మకి ఫోను చేసి లాభం లేదు కాబట్టి నెలకో ఉత్తరం రాస్తాడు. ఉత్తరం వచ్చిన రోజున అమ్మ వంటగదిలోకి వచ్చి, "వాడు బాగున్నాడట. నిన్ను అడిగాడే" అంటుంది. ఆ మాట విన్న రోజున అక్కకి రెండు ముద్దలు ఎక్కువ దిగేవి.

మొన్న చలి మొదలైందని దుప్పట్లు తీయబోతే, బీరువాలో మడతల కింద ఆ ఉత్తరాల కట్ట కనబడింది. పంతొమ్మిది ఉన్నాయి. అక్క నేల మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివింది. గిడ్డంగి గురించి ఉంది, గదిలో కారే కుళాయి గురించి ఉంది, అమ్మ మోకాళ్లకి కొత్త మందు పేరుంది. అక్క అన్న మాట ఒక్క ఉత్తరంలోనూ లేదు. వరస తప్పకుండా వాటిని మళ్లీ కట్టకట్టి, ఎక్కడివి అక్కడ పెట్టి, దుప్పట్లు తీసుకుని లేచింది.

నాలుగు రోజులకి ఇంకో ఉత్తరం వచ్చింది. అమ్మ కళ్లజోడు తుడుచుకుంటూ వంటగది గుమ్మంలోకి వచ్చింది.

"వాడు బాగున్నాడట. నిన్ను అడిగాడే."

అక్క చేతిలో గిన్నె కడుగుతూనే, అమ్మకి వినబడేలా గట్టిగా అంది. "అలాగా? బాగున్నానని రాయమ్మా."